పడవకు పల్లకీ సేవ

పాప ఆడుకునే రబ్బరు తొట్టిని మధ్యాహ్నం గరాజ్‌లో ఆరబెట్టాం. ఇందాక తలుపు తీయగానే తడి రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకెప్పుడూ అలాస్కా ఉత్తరపు కొసన, గులకరాళ్ళ మేట మీద పరిచిన పడవలు గుర్తొస్తాయి. వాటి వెనకే పద్మజ గారు. ఈ రాత్రి మాత్రం ముందు కోపం వచ్చింది. భోజనానికి వచ్చిన కిరణ్ మళ్ళీ అదే కథ చెప్పి అందరినీ నవ్వించాడు: "ఆర్కిటిక్ దాకా పోయి పడవకి పల్లకీ సేవ చేసొచ్చినం!" సమాధానం చెప్పడానికి పద్మజ గారు లేరు. జబ్బుచేసి పోయిన ఏడాది చనిపోయారు.

నోవై ఊళ్ళో నా మొదటి ఉద్యోగంలో ఆమె మా టీమ్ లీడ్. ఇద్దరు పిల్లల తల్లి. ప్రతి వేసవీ మనుషులు లేని చోటు వెతుక్కుని వెళ్ళేవారు. "పిల్లల్ని చూసేదెవరట?" అని మనవాళ్ళ గుసగుసలు. ఆమె భర్త చేపలు పట్టడానికి వెళ్తే ఆ ప్రశ్న ఎవరికీ తోచేది కాదు. ఒక ఏడాది, ఇక్కడి చెరువుల్లో తెడ్డు వేయడం నేర్పి, నన్నూ నా సహోద్యోగి కిరణ్‌నూ వెంట తీసుకెళ్ళారు. గాలి నింపి వాడుకుని, వీపు సంచీలో మడిచి మోసుకుపోయే రబ్బరు పడవలు. కొంత నడక, కొంత నది.

చిన్న విమానం మమ్మల్ని దించి వెళ్ళిపోయింది. దాని చప్పుడు అణిగాక నది వినిపించింది. ఎగువన వానలు పడి, నీళ్ళు మట్టిరంగులో పొంగుతున్నాయి. అడుగున రాళ్ళు దొర్లి ఒకదానికొకటి కొట్టుకుంటున్న శబ్దం. కిరణ్ అప్పుడే పడవలో గాలి నింపేశాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పాక చిన్నవాళ్ళు తలూపుతారు. పద్మజ గారు తన మాట చెప్పకుండా, అందరిలో చిన్నదాన్నని ముందు నన్నడిగారు.

"దిగుదామా, నడుద్దామా?"

"మీ ఇష్టం అండీ," అన్నాను.

"నా ఇష్టం సంగతి తర్వాత. మునిగితే మునిగేది నువ్వు. నీకెలా ఉంది?"

ఉన్నమాట చెప్పాను. "భయంగా ఉంది."

"సరే. పడవలు మడవండి."

కిరణ్ తెడ్డు విసిరేశాడు. "అక్కా, ఈ పిల్ల భయపడితే మనం ఆగాల్నా? ఇంత దూరం వచ్చింది ఒడ్డున కూసునేతందుకా?"

"కూర్చోమని ఎవరన్నారు? నడువు."

నడిచాం. కాలు పెడితే గడ్డి దుబ్బులు పక్కకు ఒరిగేవి, వాటి మధ్య చీలమండల దాకా బురద. వీపున పడవ, ముఖం నిండా దోమలు. నేను సారీ అంటే ఆమె కసిరారు. "నిజం చెప్పినందుకు సారీ ఏంటి? చెప్పకుండా ఎక్కుంటే అప్పుడు తిట్టేదాన్ని." దిగువన నది పాయలై నెమ్మదించాక పడవల్లోకి దిగాం. అందరం ఇంటికొచ్చాం.

అదే ఆమె తప్పయిపోయింది. మాలో ఒకరు కొట్టుకుపోయి, ఆమె దూకి బయటికి లాగి ఉంటే ఇవాళ అందరూ ఆమెను మెచ్చుకునేవారు. ఏమీ జరగనివ్వలేదు కనుక జోక్ అయ్యారు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తేవాలి?

ఈత క్లాసులో మా పాప మెట్టు మీద నిలబడి, "అమ్మా, స్కేరీగా ఉంది" అంటుంది. నెట్టేయమని కోచ్ సైగ చేస్తుంది. పిరికిదాన్ని చేస్తున్నావంటాడు మా ఆయన. నేను పాపనే అడుగుతాను, జవాబు వచ్చేదాకా నిలబడతాను. ఒక్కోసారి తనే దిగుతుంది. ఒక్కోసారి తువ్వాలు చుట్టుకుని ఇంటికొచ్చేస్తాం.

ఇవాళ వెళ్తూ వెళ్తూ కిరణ్ గుమ్మంలో ఆగాడు. "నువ్వే చెప్పు, ఆ రోజు దిగితే ఏమయ్యేది?"

"తెలియదు," అన్నాను, ఈసారి నవ్వకుండా. నిజంగానే తెలియదు. అది తెలియకుండానే ఇంటికి తిరిగొచ్చి పెళ్ళి చేసుకున్నాను, ఈ పిల్లను కన్నాను. అతనూ అది తెలియకుండానే తిరిగొచ్చి ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. మా ఇంట్లో కడుపునిండా తిని, పద్మజ గారి మీద నవ్వి, క్షేమంగా కారు నడుపుకుంటూ వెళ్ళాడు.