ఏడో నంబరు చీటీ

బొమ్మల ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను నీళ్ళక్క అనేవారు. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ పని నీటి తుపాకులను పరీక్షించడమే. పది తుపాకులుండే ఒక్కో పెట్టెలోంచి ఒకటి చొప్పున తీసి, మెడదాకా నీళ్ళు నింపి, మీట ఇరవైసార్లు నొక్కేది. ధార నేలమీది పసుపు గీత దాటాలి. తరవాత తుపాకీని పాత కాగితం మీద పడుకోబెట్టి, అరవై లెక్కపెట్టేది. కాగితం తడిస్తే ఆ పెట్టె వెనక్కి. తడవకపోతే పెట్టె మీద తన ఏడో నంబరు చీటీ. ఆ చీటీ పడ్డ పెట్టెను ఇక ఎవరూ విప్పి చూడరు.

చలి మొదలైనప్పటి నుంచి ఆవిడ కుడి చూపుడువేలు మొరాయిస్తోంది. మడిస్తే మడతలోనే ఉండిపోతుంది. ఎడమచేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. ఎవరి కంటా పడకుండా బల్ల కింద లాక్కునేది. వేలు పోతే పని పోయినట్టే.

ఆ వేళ కొత్తగా నీలం రకం వచ్చింది. ఆవిడ వరసగా నాలుగు పెట్టెలు పక్కకు నెట్టి, "మీట మరీ బిగువుగా ఉంది" అంది.

మేస్త్రీ ఒకటి తీసుకుని టపటపా నొక్కాడు. ధార గీత దాటి గోడకు కొట్టింది.

"తుపాకీ బంగారంలా ఉందక్కా. నీ వేలికే నూనె వెయ్యాలేమో."

ప్యాకింగ్ బల్ల దగ్గర ఒకామె కిసుక్కున నవ్వింది. "ఏం వదినా, ఇంట్లో గ్యాస్ లైటరు కూడా అన్నయ్యే నొక్కుతున్నాడా?"

నీళ్ళక్క కూడా నవ్వింది. మేస్త్రీ మాత్రం నవ్వడం మానేసి ఆ వేలికేసే చూస్తున్నాడు.

"నొప్పిగా ఉంటే చెప్పక్కా. ఇంకెవరినైనా చూసుకుంటాం."

"నొప్పా పాడా" అంటూ ఆవిడ తుపాకీని ఎడమచేతికి మార్చింది. రెండు వేళ్ళు కలిపి నొక్కి, నాలుగు పెట్టెలూ బాగున్నాయని చీటీలు అంటించేసింది.

సాయంత్రం అడిగి ఒక నీలం తుపాకీ ఇంటికి తెచ్చింది. డబ్బా మీద 'ఐదేళ్ళ పిల్లలకు' అని ఉంది. మనవరాలికి సరిగ్గా ఐదేళ్ళు. ఆ పిల్ల ఒక వేలితో నొక్కింది. రెండు వేళ్ళతో నొక్కింది. చివరికి పొట్టకు ఆనించుకుని, పళ్ళు బిగబట్టి, రెండు బొటనవేళ్ళతో నొక్కింది. నాలుగు చుక్కలు తన పాదాల మీదే పడ్డాయి.

"అమ్మమ్మా, ఇది పెద్దవాళ్ళది" అని తిరిగి చేతిలో పెట్టేసి, మూతకు చిల్లులు పొడిచిన పాత సీసా తెచ్చుకుని హాయిగా గోడంతా తడిపింది.

నీళ్ళక్క గుమ్మంలో కూలబడింది. బోల్టులు తిప్పే మేస్త్రీ వేలికి ఆ బిగువు ఎలా తెలుస్తుంది? తెలిసింది తన చచ్చు వేలికే. దాని నోరు తనే నొక్కేసింది. ఆ నాలుగు పెట్టెలూ పొద్దున్నే లారీ ఎక్కుతాయి.

తెల్లారగానే గంట ముందు వెళ్ళింది. పెట్టెలు ఇంకా గేటు దగ్గరే ఉన్నాయి. మేస్త్రీ ముందు తుపాకీ పెట్టి, మనవరాలి సంగతి చెప్పి, వంకరగా బిగుసుకున్న వేలిని మొదటిసారి దాచకుండా చూపించింది.

"నా వేలు బాగాలేదు, నిజమే. ఇదీ బాగాలేదు, నిజమే."

మేస్త్రీ వేలిని చూశాడు, తుపాకీని చూశాడు, లారీవైపు చూశాడు. ఆయన ఏదో ఒకటి అనేలోపు, ఆవిడ వంగి ఎడమచేతి గోటితో మొదటి పెట్టె మీది తన చీటీని గీకడం మొదలుపెట్టింది.