మెట్టు లేని బండి

ఆ రోజుల్లో మా నల్లరేగడి ఊళ్ళలో మగవాడి పరువు, వాడి బండి చక్రం బురదలో ఎంత లోతు దిగిందో దాన్నిబట్టి తేలేది. ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు విచ్చి పడుకునే నేల, నాలుగు చినుకులు పడగానే లేచి కూర్చునేది. చెప్పును, చక్రాన్ని, ఎద్దు గిట్టను ఒకే ప్రేమతో పట్టుకుని వదిలేది కాదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బి.కాం.లో రెండు పేపర్లు ఉండిపోయాయి (ఇప్పటికీ ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే తీసుకోవచ్చు). నాన్న గుంటూరులో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా ఉద్యోగం మాట్లాడి పెడితే, "నేను కుర్చీకి అతుక్కునే రకం కాదు" అని ఎదురు తిరిగాను. మా మేనమామ దొడ్లో కోళ్ళు గుడ్లు పెడుతున్న ఒక పాత మిలిటరీ జీపును, కోళ్ళను ఒప్పించి, తెచ్చుకున్నాను. అది వేలంలో కొన్న బండి. వెనక సగం కోసేసి, చెక్క పలకలతో తొట్టి కట్టి, పికప్పులా చేశారు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. కూలీలను చేలకు, మిరపకాయలను కళ్ళానికి, బస్తాలను యార్డుకు తోలి బతుకుతానని ఇంట్లో ప్రకటించాను.

ఆ వానాకాలంలోనే నాలుగుసార్లు దిగబడ్డాను. నాలుగుసార్లూ ఎడ్ల బాబాయే దిక్కయ్యాడు. దూరపు వరసలో బాబాయి, మా పక్క చేను ఆయనది. పొద్దున లేచి తన మొహం కడుక్కునే ముందు తన ఒంగోలు గిత్తల మొహాలు తుడిచే మనిషి. నా బండికి మోకు కట్టి, గిత్తలను ఒక్క అదిలింపు అదిలిస్తే చాలు, బండి బుద్ధిగా వాటి వెనక నడిచి వచ్చేది. సాయం చేసి ఊరుకుని ఉంటే ఆయనకు దణ్ణం పెట్టేవాణ్ణి. ఆయన ఊరుకోడు. "ఏరా అబ్బాయ్, దీనికి డీజిలు ఎందుకురా దండగ? కాస్త చిట్టూ తవుడూ పెట్టి చూడు" అనేవాడు, అదీ నలుగురు వినేలా. నాలుగోసారి గిత్తలకు బంతిపూల దండలు వేసి మరీ లాగించాడు (అదేం లేదని మా వాళ్ళంటారు. వెనక స్టీరింగు పట్టుకుని కూర్చున్నది నేను, వాళ్ళు కాదు). ఆ సాయంత్రం నాన్న ఒకే మాట అన్నాడు. "ఇంకోసారి నీ బండి ఎద్దుల వెనక ఊళ్ళోకి వచ్చిందంటే, దాన్ని అమ్మేస్తా. నువ్వు మిల్లులో కూర్చుంటావ్."

మర్నాడే గుంటూరు వెళ్ళాను. అక్కడ కమాన్ల సాయిబు అని ఒక పెద్ద మెకానిక్కు ఉండేవాడు. లారీల కింద బరువు మోసే వంపు ఇనప పట్టీలను, అంటే కమాన్ కట్టలను, వంచడం, లేపడం ఆయన పని. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "టైర్లు చిన్నవి బాబూ. కడుపు నేలకు తగుల్తాంది" అన్నాడు. నాకు వెడల్పాటి టైర్లు కావాలన్నాను. చూడ్డానికి పహిల్వాన్ భుజాల్లా ఉంటాయని నా ఊహ. సాయిబు నన్ను షెడ్డు వెనక బురదలోకి తీసుకెళ్ళి, అరచెయ్యి ఒకసారి, రెండు వేళ్ళు ఒకసారి గుచ్చి చూపించాడు. అరచెయ్యి పైపైనే జారింది. వేళ్ళు దిగి కింద గట్టినేల పట్టుకున్నాయి. "మీ నేలకు సన్నటి టైరు, ఎత్తు టైరు, లోతు గుబ్బలు. వెడల్పు టైరు సినిమాకు" అన్నాడు. అక్కడ ఓడిపోయాను. ఓడిపోయిన మనిషి ఇంకోచోట గెలవాలని చూస్తాడు కదా, నేను ఎత్తు దగ్గర పట్టుబట్టాను. ఇంత పెద్ద టైర్లు పడితే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య బురద ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది కాబట్టి బండిని కొంచెం లేపాలని ఆయనే అన్నాడు. నాలుగు వేళ్ళు చాలన్నాడు. నేను జానెడు కావాలన్నాను. "జానెడు లేపితే షాఫ్టు జాయింట్లు అరిగిపోతాయి. మలుపులో ఒరుగుతుంది" అన్నాడు. "ఒరిగితే నేను ఒరుగుతా, నువ్వు కాదుగా!" అన్నాను. కమాన్లకు రెండేసి పట్టీలు చేర్చి, ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనప దిమ్మలు పెట్టి, నేను అడిగిన జానెడూ లేపాడు. చివరికి కాటన్ వేస్టుతో చేతులు తుడుచుకుంటూ, "ఇంతకీ దీంట్లోకి ఎవరెక్కుతారు బాబూ?" అని అడిగాడు. నువ్వు టైర్ల సంగతి చూడు, ఎక్కేవాళ్ళ సంగతి నేను చూసుకుంటానన్నాను. నా జీవితంలో నేను సరిగ్గా వినని మంచి ప్రశ్నల్లో అది మొదటిది.

ఆ బండి మీద బ్రాడీపేట సందుల్లోంచి వస్తుంటే స్కూటర్ల వాళ్ళు తలెత్తి చూశారు. అది చాలు నాకు. ఇంకో విచిత్రం, టైర్లు పెద్దవవడంతో మీటరు తక్కువ చూపించడం మొదలుపెట్టి, మా ఊరు గుంటూరుకు నాలుగైదు కిలోమీటర్లు దగ్గరైపోయింది. ఊళ్ళో మాత్రం దాన్ని చూడగానే "ఒంటె" అని పేరు పెట్టారు. ఎడ్ల బాబాయి చుట్టూ తిరిగి, చేతికర్రతో ఎత్తు కొలిచి, "మెట్లు కూడా కట్టించరా, పైన ధ్వజస్తంభం నిలబెడదాం" అన్నాడు. ఆ మాటతో నా మనసులో ఒక శపథం స్థిరపడిపోయింది. చచ్చినా ఈ బండికి మెట్టు పెట్టను.

మిరప కోతలు వచ్చాయి. మా చేలో కాయ ఎర్రగా పండి నిలబడింది. కోతలకు వచ్చేది వాగు అవతలి పల్లెలోని ముఠా, పంతొమ్మిది మంది ఆడవాళ్ళు. అందరూ ఒకే ప్రార్థన మందిరానికి వెళ్ళేవాళ్ళు, అందరూ ముఠాను నడిపే మేస్త్రి అక్క మాట వినేవాళ్ళు. ఆ ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. పోతే పంతొమ్మిది మందీ పోతారు, లేదంటే ఒక్కరూ పోరు. అందరిలోకీ పెద్దది ఒక అవ్వ. ఆమెకు మోకాళ్ళు వంగవు గానీ, సాలులో నిలబడిందంటే రెండు చేతులా కోస్తూ పడుచువాళ్ళను వెనకేసేది. సోమవారం పొద్దున్నే హారను కొట్టుకుంటూ పల్లెలోకి వెళ్ళి, తొట్టి తలుపు తీసి "ఎక్కండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. తొట్టి అంచు మేస్త్రి అక్క గొంతు దాకా ఉంది.

"ఏందయ్యా ఇది?" అంది అక్క.

"బండి."

"బండేలే. పరలోకం పోయేటప్పుడన్నా దేవుడు చెయ్యందిత్తాడంట. నువ్వు అదీ లేదు. అవ్వ ఎక్కేదెట్టా?"

ఇద్దరు పడుచుపిల్లలు టైరు మీద కాలేసి ఎక్కబోతే అక్క ఒక్క చూపుతో కిందికి దించింది. "ఒక మెట్టు ఏపిచ్చుకురా, వత్తాం" అంది. నేను ఠక్కున ఏపిస్తానంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మెట్టు పెడితే దానికి బురద తగులుకుంటుందనీ, నేను కష్టపడి పెంచిన ఎత్తంతా అది తినేస్తుందనీ, ఇంజనీరులా ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపిగ్గా విని, "సరే అయితే, ఎత్తు నీ కాడే ఉంచుకో" అని, ముఠాను ఎడ్ల బాబాయి పంపిన రెండు ఎడ్లబళ్ళలో ఎక్కించుకుని ఆయన చేలోకి పోయింది. ఖాళీ బండితో నేను వెనక్కి వచ్చాను, ఈసారి హారను కొట్టకుండా.

రెండు మూడు రోజులు గడిచాయి. మా కాయ చెట్టుమీదే ముదిరి, అక్కడక్కడా తెల్లబడి తాలు తిరగడం మొదలైంది. తాలుకాయకు యార్డులో విలువుండదు. ఆ దిమ్మలు తీయించెయ్యమని అమ్మ బతిమాలింది. తీయనన్నాను. మెట్టన్నా పెట్టించమంది. పెట్టించనన్నాను. నాన్న అరవలేదు, అందుకే నాకు భయం వేసింది. "సోమవారం ముఠా మన చేలో దిగాలి. దిగకపోతే మంగళవారం బండి అమ్మకానికి పోద్ది, బుధవారం నువ్వు మిల్లుకి పోతావ్" అన్నాడు. శుక్రవారం దాకా నేను బండి తుడుస్తూ కూర్చున్నాను. ఆ వారం అంత శుభ్రంగా అది మళ్ళీ ఎప్పుడూ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, వాన పడే కాలమే కాదు, ఉరుములేని వాన గంటసేపు దంచింది. సాయంత్రానికి కబురు వచ్చింది. బాబాయి చేలో రెండు బళ్ళూ బొడ్డుదాకా కూరుకుపోయాయి, గిత్తలు మోకాళ్ళ మీద పడ్డాయి, ముఠా అంతా చేలోనే ఉండిపోయింది, వాగు పెరుగుతోంది. అడుగు వేస్తే అరికాలికి తిరగలిరాయంత మన్ను అంటుకునే ఆ నేలలో అవ్వ నడవలేదు. అవ్వ రాకపోతే ఎవరూ రారు. ఇళ్ళ దగ్గర పాలు తాగే పిల్లలున్నారు. ఇదంతా విని నేను పరోపకారంతో బయల్దేరానని రాసుకుంటే చదవడానికి బాగుంటుంది. అబద్ధం ఎందుకు, నేను వెళ్ళింది బాబాయి గిత్తల ముందు నా బండిని నడిపించడానికి.

నడిచింది! సాయిబు చెప్పినట్టే టైర్ల గుబ్బలు దిగి కింద గట్టినేల పట్టుకున్నాయి, మడ్‌గార్డుల్లో బురద ఇరుక్కోలేదు. బురద దాటి, చేను మధ్యలోకి వెళ్ళి, మునిగిన ఎడ్లబళ్ళ పక్కనే ఆపాను. గిత్తల దండలేవి బాబాయ్ అని అడగాలనుకున్నాను గానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను. తొట్టి తలుపు తీసి, రాజసంగా "ఎక్కండి" అన్నాను.

మేస్త్రి అక్క తడిసిన కొంగు పిండుకుంటూ అంది, "నాలుగు రోజుల్లో బండి తగ్గిందా, మేం పెరిగామా?"

కనుచూపు మేరలో రాయి లేదు, పీట లేదు. కోసిన కాయ బస్తాలు మాత్రం ఉన్నాయి. "ఆ బస్తాలు రెండు పేర్చి ఎక్కండి" అన్నాను. బాబాయి గయ్‌మన్నాడు. "పంట మీద కాలు పెట్టిస్తావంట్రా? నా కాయ మీద కాలు పడిందంటే ఊరుకోను. అంత ఇదైతే నీ వీపు మీద పెట్టించుకో!"

"పెట్టించుకుంటా!" అన్నాను.

అనేసి, తొట్టి వెనక బురదలో మోకాళ్ళ మీద వంగాను.   "వద్దయ్యా, రైతుబిడ్డ వీపు మీద నేను కాలెడతానా" అని అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. బాబాయి గొంతు మారిపోయింది. "లేవరా. పిచ్చి ఎక్కిందా? ఊళ్ళో తల ఎత్తుకోవద్దా? లెయ్యి." అంతవరకూ అది నాకూ ఆయనకూ మధ్య పంతమే. ఆ "లెయ్యి" విన్నాక, ఎందుకో తెలియదు, లేవకూడదనిపించింది. వాళ్ళు కోసిన కాయ మా ఇంటి కూరలోకి రావచ్చు గానీ, వాళ్ళ కాలు మా వీపు మీదికి రాకూడదన్న మాట, బురదలో వంగి వింటే వేరే రకంగా వినిపించింది. అప్పుడే ఇదంతా నాకు ఇంత తేటగా తెలిసిందని చెప్పను. కోపం మాత్రం వచ్చింది. "ఎక్కవ్వా, వాగు పొంగుతోంది!" అని అరిచాను.

అవ్వ ఎక్కింది. ఆమె బరువు లేదు, ఒణుకు ఉంది. తర్వాత పద్దెనిమిది మంది. ఇక్కడ నేను లెక్కలోకి తీసుకోని సంగతి ఇంకొకటి ఉంది. పొద్దుటినుంచి మిరపకాయలు కోసిన చేతులవి. తూలకుండా ఒకరు నా మెడ పట్టుకున్నారు, ఒకరు చెవి, ఒకరు ఏకంగా నెత్తి మీద చెయ్యి వేసి కన్నుదాకా జార్చారు. పదో మనిషి ఎక్కేసరికి నా మెడమీద పొయ్యి వెలిగింది. పంతొమ్మిదో మనిషి మేస్త్రి అక్క. కాలు పెట్టబోయి ఆగి, "నొప్పా?" అంది. "మంట" అన్నాను. "మాకు రోజూనే" అని ఎక్కింది.

దిగేటప్పుడు మళ్ళీ వంగాలన్న విషయం వాగు దాటి పల్లెలో బండి ఆపాక గానీ తోచలేదు. నేను మోకాళ్ళు వంచుతుంటే అక్క పైనుంచే కేకేసింది. "చాలు లేయ్యా. ఇక వంగమాక, మాకే బాగుండలా." ఎవరో ప్రార్థన మందిరంలోంచి బల్ల తెచ్చి వేశారు. అందరూ దాని మీద కాలు పెట్టి మర్యాదగా దిగారు.

ఇంటికి వెళ్ళేలోపే కబురు వెళ్ళిపోయింది. ఊళ్ళో బండి ఎత్తు గురించి మాట్లాడటం మానేసి నా వీపు గురించి మొదలుపెట్టారు. అమ్మ నా మెడకు వెన్న రాసింది. నాన్న అరుగు మీంచి లోపలికి వచ్చి, "మండుతోందా?" అన్నాడు. మండుతోందన్నాను. "మండనీ" అని వెళ్ళి పడుకున్నాడు. అందులో కోపం ఎంతో, ఇంకొకటేదో ఎంతో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

సోమవారం పొద్దున్నే, నేను హారను కొట్టకముందే, పంతొమ్మిది మందీ వాగు ఒడ్డున నిలబడి ఉన్నారు. మేస్త్రి అక్క చేతిలో కొత్తగా చెక్కిన ఒక ఎత్తు పీట, దానికి ఒక తాడు. పీట నేలమీద వేసి, అవ్వను ముందు ఎక్కించి, అందరూ ఎక్కాక తాడుతో పీటను పైకి లాక్కుంది. "ఇది మా పీట. నీ బండిది కాదు. నీ పంతం నీ కాడే ఉండనీ" అంది. ఆ సీజనంతా కోతలు ఆగలేదు. బండి ఉంది, దిమ్మలు ఉన్నాయి, మిల్లులో నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు. ఎడ్ల బాబాయి మాత్రం ఏడాది నాతో మాట్లాడలేదు. తర్వాతి వానాకాలంలో దిగబడ్డ ఆయన బండిని లాగడానికి నేను వెళ్తే, మోకు ఆయనే కట్టాడు, నా వంక చూడకుండా.

మొన్న నడుం పట్టేసి బ్రాడీపేటలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూస్తూ, "వయసులో బరువులేమన్నా మోశారా?" అని అడిగాడు. పంతొమ్మిది మందిని మోశానన్నాను. పెద్దాయన సరదాకు అంటున్నాడనుకుని నవ్వి, బల్ల ఎక్కి పడుకోమన్నాడు. పరీక్ష బల్ల ఎత్తుగా ఉంది. నా మోకాళ్ళూ ఇప్పుడు అవ్వ మోకాళ్ళే. నర్సమ్మ కాలితో ఒక చిన్న స్టూలు జరిపి, "దీని మీద కాలు పెట్టండి తాతగారూ" అంది. అక్కర్లేదనబోయాను. నోటిదాకా వచ్చింది కూడా. మెడమీద ఎక్కడో పాత మంట చురుక్కుమంది, నోరు మూసుకుని కాలు పెట్టాను. ఇప్పుడు ఎవరైనా అలాంటి బండి ఇస్తే మళ్ళీ జానెడూ లేపిస్తాను, అందులో తగ్గేది లేదు. మెట్టు మాత్రం ముందే పెట్టిస్తాను.