వీపు ఖాళీగా ఉన్న గుర్రం

నిన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. ఫోన్ మోగింది. మాస్కో నుంచి తమారా గారి మనుమరాలి మెసేజ్.

"అమ్మమ్మ ఈ ఉదయం వెళ్లిపోయింది."

కంచంలో చేయి కడిగేసి లేచాను.

తమారా గారు శిల్పి. జీవితమంతా గుర్రాలనే చేశారు. తండ్రి గుర్రపుశాలలో పనివాడు. యుద్ధానికి తోలుకెళ్లిన ఆ గుర్రాల్లో ఒక్కటీ తిరిగి రాలేదట. అందుకే, గుర్రంపై సేనాపతిని కూర్చోబెట్టమన్న ప్రతి ఆర్డర్‌నూ ఆమె కాదన్నారు. పెద్ద పెద్ద కూడళ్లు ఇతరులకు దక్కాయి. ఆమె గుర్రాలు పిల్లల పార్కుల్లో నిలబడ్డాయి. ఒక్కదానిపైనా మనిషి లేడు.

ఎనభైల్లో, మామిడికాయ కోతలప్పుడు, సోవియట్ అతిథుల బృందంతో మన నూజివీడు వచ్చారు. మా స్కూల్ కమిటీ ప్రెసిడెంట్ గారి తోటలో విందు. స్కూల్లో ఒక గుర్రాన్ని చేసిపెట్టమని ఆయనే అడిగారు. బృందం వెళ్లిపోయింది. ఆమె నెల రోజులు ఉండిపోయారు. తెలుగు మాస్టర్నైన నేను, వచ్చిన ఇంగ్లీషుతో దుబాసీనయ్యాను.

ప్రెసిడెంట్ గారు మేలుజాతి గుర్రాన్ని తెప్పించారు. ఆమె దానివంక చూడలేదు. బస్టాండులో వెంకన్న జట్కాకు కట్టిన ముసలి గుర్రం చిట్టిని ఎంచుకున్నారు. కళ్లు మూసుకుని దాని ఒళ్లంతా తడిమి, అదే చేతులతో వచ్చి సిమెంటు పెట్టేవారు.

వెంకన్న చూసి గొల్లుమన్నాడు. "భుజం మీద జట్కా రాపిడి మచ్చ కూడా పెట్టేశారేంటండీ! మా చిట్టికి సిగ్గు కాదూ?"

"ఆ మచ్చ తీసేస్తే అది చిట్టి కాదు" అన్నారామె.

తరువాత ప్రెసిడెంట్ గారు వచ్చారు.

"మాస్టారూ, పైన మా నాన్నగారిని కూర్చోబెట్టమనండి. ఫొటో ఇస్తాను."

"ఆయన స్వారీ చేసేవారా?" అని ఆమె అడిగారు.

"అబ్బే, అంబాసిడర్ కారండీ."

"అయితే కారు చేయించుకోమనండి."

నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. అయినా ఒక్క మాట మింగకుండా తెలుగులో చెప్పాను.

మర్నాడు సిమెంటు ఆగిపోయింది. సిమెంటు దొరకడమే గగనమైన రోజులవి. జట్కావాళ్లు మైలవరం దాకా తిరిగి, ఇళ్లు కట్టుకునేవాళ్లను బతిమాలి, బస్తాలు తెచ్చి దించారు. గుర్రం పూర్తయింది.

నన్ను పదో తరగతి నుంచి తీసి ఒకటో తరగతికి వేశారు. ఏడాదంతా పలకలు దిద్దాను. సంతోషంగానే దిద్దాను.

వెళ్లేరోజు ఆమె అన్నారు: "చిట్టి బతుకంతా మోస్తూనే ఉంది. నా చేతిలో పడ్డాకైనా బరువు దిగనివ్వండి. ఈ వీపు మీకు అప్పగిస్తున్నాను."

అప్పటి ఉత్తరాల్లోనూ, మొన్నటి వీడియో కాల్‌లోనూ మొదటి ప్రశ్న ఒకటే.

"వీపు ఖాళీయేనా?"

"ఖాళీయేనండీ."

ఇప్పుడు, కాలం చేసిన ఆ ప్రెసిడెంట్ గారి విగ్రహాన్ని దానిపై బిగించాలని కొత్త కమిటీ తీర్మానించిందట. ఆదివారం పని మొదలట.

కమిటీ పెద్దలారా, మీలో సగం మంది నా శిష్యులే. విగ్రహానికి వేరే దిమ్మె కట్టుకోండి. శిలాఫలకం నేనే రాసిస్తాను, తప్పుల్లేకుండా.

కాదంటారా? ఆదివారం పొద్దున్నే గుర్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ముందు నన్ను లేపండి.

తమారా గారూ, వీపు ఖాళీయేనండీ.

మీరూ ఇక బరువు దించుకుని, హాయిగా విశ్రమించండి.