కారులో పోసిన రైలు నూనె

మా ముత్తాత జగన్నాథరాజు గారు శ్రీకాకుళం అవతల పదకొండు గ్రామాల ఎస్టేటుకు ముఠాదారు. తాత నరసింహరాజు గారు పల్లకీ దిగకుండానే తగవులు తీర్చేవారట. నాన్న సోమరాజు గారి కాలానికి ఎస్టేటు పోయింది. బెంగాల్లో రైల్వే ఊరైన ఖర్గపూర్ వచ్చి సుభాష్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాం. వాళ్ళ పేర్లు రాశాను. నా పేరు రాయను. ఏళ్ళ తరబడి గుండెల మీద మోస్తున్న బరువు వాళ్ళది కాదు, నాది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను రైల్వే స్టోర్సులో గుమాస్తాగా చేశాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. ఇంట్లో మిగిలిన హోదా ఒక్కటే, కారు. రూర్కెలా ఉక్కు కర్మాగారం నుంచి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక జర్మన్ ఇంజనీరు దగ్గర నాన్న కొన్నారు. ఇంజను వెనక ఉంటుంది. రేడియేటరు లేదు. గాలే దాన్ని చల్లబరచాలి.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళు ఏటా వేసవిలో అమ్మవారి పండగ చేస్తారు. ఘటాలు ఊరేగుతాయి. ఆ ఊరేగింపుకు ముందు మా ఇంటి బండి నడవాలి. మా గ్రామాల నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళు నాన్నకు ఇచ్చిన మర్యాద అది. ఆయన పోయాక నాకు దక్కింది. ఏడాదంతా లెడ్జర్ల వెనక తలవంచుకుని కూర్చునే నేను, ఆ ఒక్క పూట రాజుగారిని.

కారు పని చూసేది అప్పన్న. వర్క్‌షాపులో ఫిట్టరు. అతని తాత మా తాతగారి పల్లకీ మోశాడు. సెలవు రోజున వచ్చేవాడు, కూలి ముట్టేవాడు కాదు, టీ తాగి పోయేవాడు. పండగకు నాలుగు రోజుల ముందు ఇంజనులో పుల్ల ముంచి నూనె చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏటి బాబూ ఇది, నూనా, కాఫీ డికాషనా? మార్సీయాల."

"అయితే మార్చు."

"సిక్కటిది, నలభై నంబరు కావాల. గోల్‌బజారులో పల్సటి ముప్పయ్యే ఉంది. కలకత్తా నించి రావాలంటే వారం."

"పండగ ఆదివారం, అప్పన్నా."

"ఈ బండికి నీల్లు నేవు బాబూ, నూనే నీల్లు. ఊరేగింపు నడకన నడిపితే గాలి సాలదు. ఈ ఎండకి పల్సటి నూనె నీరైపోతాది."

"చిక్కటిది ఇంకేదైనా పోస్తే?"

"మరీ సిక్కటిదైతే సన్న గొట్టాల్లోకి ఎక్కదు. ఇంజను పట్టేస్తాది." నవ్వాడు. "ఈ యేటికి గొడుగేసుకుని నడిసి రండి. రాజుగారి కాల్లు కూడా జనం సూడాల గదా!"

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అందులో ఎగతాళి ఉందా? ఎన్నిసార్లు వెతికినా ఇప్పుడు చనువు తప్ప ఏమీ కనపడదు.

శనివారం మధ్యాహ్నం స్టోర్సు నుంచి సిలిండరు నూనె డబ్బా ఒకటి సంచిలో పెట్టుకుని తెచ్చాను. ఆవిరి ఇంజన్లకు వాడేది, బెల్లం పాకంలా ఉంటుంది. రైలింజను వేడిని తట్టే నూనె ఈ చిన్న బండిని కాపాడదా అనుకున్నాను. మరి గొట్టాల సంగతి? విన్నాను కదా. ఫిట్టరు కంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నానో, అతని మాటకు లోబడి నడిచి వెళ్ళడం కంటే బండి పాడైనా మేలే అనుకున్నానో, ఇన్నేళ్ళు నన్ను నేను తవ్వుకున్నా తేలలేదు. పాత నూనె తీసి ఇది పోశాను. నా చేతులతోనే.

ఊరేగింపు మూడో సందు దాటలేదు. ఇంజను కీచుమని ఆగిపోయింది. డప్పులు ఆగాయి. ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్ళు ఎండలో నిలబడిపోయారు. అప్పన్న పరుగున వచ్చి పుల్ల తీశాడు. నూనె వేలికి రాసుకుని వాసన చూశాడు. వేరే ఊళ్ళో అయితే సంగతి అక్కడితో పోయేది. ఖర్గపూర్‌లో ఆ వాసన తెలియని ముక్కు లేదు.

"రైలు నూనిరా!" అన్నారెవరో గుంపులోంచి.

అప్పన్న నా వైపు చూశాడు. పుల్ల తుడిచి మళ్ళీ ఇంజనులో పెట్టేశాడు.

మాట రైల్వే వాళ్ళకు చేరింది. సోమవారం విచారణ. అధికారి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బండి పని ఎవరు చూస్తారని అడిగాడు. అప్పన్న, అన్నాను. అంతే. అందులో అబద్ధం లేదు. చాలా కాలం దాన్నే పట్టుకుని వేలాడాను, అబద్ధమాడలేదని. నూనె ఎవరు పోశారని అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? అడగరని తెలిసే ఆ ఒక్క పేరు దగ్గర ఆగాను. స్టోర్సు గుమాస్తాను నేనే. డబ్బా తీయగలిగినవాణ్ణీ నేనే. అయినా జగన్నాథరాజు గారి మునిమనవణ్ణి అనుమానించాలని వాళ్ళకు తోచలేదు. అప్పన్న ఏం చెప్పుకున్నాడో తెలియదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఉండరు.

రైల్వే సొత్తు దొంగిలించాడని తేల్చారు. ఉద్యోగం తీసేశారు. అప్పన్న ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు అక్కడే పోయాడని విన్నాను. దొంగ అన్న పేరుతోనే పోయాడు. నోరు తెరవడానికి నాకు ఆ కొన్నేళ్ళూ ఉన్నాయి. తెరవలేదు.

మరుసటి వేసవిలో బండి లేకపోయినా పండగ పెద్దలు మర్యాద తప్పనివ్వలేదు. ముందు నన్ను నడవమన్నారు. ఎవరో గొడుగు పట్టారు. నడిచాను. ఏం నష్టం జరిగింది నాకు? ఏమీ జరగలేదు. ఆ మాత్రం నడకకు ఒప్పుకోలేక ఒక మనిషి బతుకు తీశాను.

క్షమించమని ఎవరిని అడగను? అడగవలసినవాడు లేడు. మిగిలినవాళ్ళను అడిగే ముఖం లేదు. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.

ఉద్యోగం పోయి రైల్వే క్వార్టరు ఖాళీ చేసే ముందు అప్పన్న భార్య తన రెండు పాడిగేదెల్నీ పక్క ఊరు సాలువా మనిషి ఒకడికి అమ్మేసింది.