దండ చాటున చెవి

దేవకి నోరు మంచిది కాదని నాందేడ్ వజీరాబాద్‌లోని ఆ గల్లీ అంతటికీ తెలుసు. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు. కూరగాయల బండివాడు ఆమె గుమ్మం ముందు మాత్రం అరవకుండా పోతాడు. ఆమె ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంటుంది. ఎవరైనా అడిగితే చాలు, “మా సుమంగళ ప్రతాపం. ఏడాది పిల్లప్పుడు కమ్మ వట్టి గుంజింది” అంటుంది. విన్నవాళ్లు నవ్వుతారు. అరవై దాటిన సుమంగళా నవ్వుతుంది.

సుమంగళ ఆమె కన్నబిడ్డ కాదు, అక్క ఆండాళ్ బిడ్డ. పిల్ల పాకడం మొదలుపెట్టకముందే ఆండాళ్ కామెర్లతో పోయింది. రైల్వేలో పనిచేసే బావ రామచంద్రానికి దేవకినిచ్చి చేశారు. ఆమెకు పిల్లలు పుట్టలేదు, పుట్టలేదని ఎవరి ముందూ ఏడవనూ లేదు. సుమంగళ “అమ్మా” అని పిలిస్తే మాత్రం ఊరుకునేది కాదు. “అమ్మ గోడ మీదుంది. నేను చిన్నమ్మను” అనేది.

గోడ మీద ఉన్నది పెన్సిల్‌తో గీసిన బొమ్మ. ఆండాళ్ జ్ఞాపకంగా ఇంట్లో ఉన్నది అదొక్కటే. పరీక్షకు పోయినా, పెళ్లి పీటల మీదికి పోయినా, భర్త పోయాక లైనింగు గుడ్డల దుకాణం తెరిచినా సుమంగళ ఆ బొమ్మకు మొక్కే కదిలింది. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు పాత దండ తీసి కొత్త దండ వేసేది మాత్రం దేవకే. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. అక్క మీద ప్రేమ అనుకున్నారు అందరూ.

ఈ ఏడు వానలకు పటం చెక్క చెదలు పట్టింది. దేవకి చుట్టాల పెళ్లికని దెగ్లూర్ బస్సెక్కగానే సుమంగళ పటం దించి, ఫ్రేములు కట్టే భీమ్‌రావు దగ్గరికి తీసుకుపోయింది. అతను దండ తీసి, పొగ పట్టిన అద్దం విప్పి బొమ్మను బయటపెట్టాడు.

“నావ్ కాయ్ లిహూ, తాయీ? పేరు, సాలు, అంటే ఏ ఏటిదో, చెప్పుండ్రి. కింద పట్టీ మీద రాస్త.”

ఆండాళ్ అని చెప్పబోయి సుమంగళ ఆగిపోయింది. దండ ఎప్పుడూ కప్పి ఉంచిన చోట ఎడమ చెవి ఉంది. దాని తమ్మె రెండుగా చీలి ఉంది.

ఆ చెవి తెగేనాటికి అమ్మ లేదు. ఇది అమ్మ బొమ్మ కాదు. సుమంగళకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. బతుకంతా ఎవరికి చెప్పుకున్నట్టు తన కష్టసుఖాలు?

సాయంత్రం దేవకి ఇంటికి వచ్చేసరికి, సుమంగళ వెనక్కి తెచ్చిన బొమ్మ మంచం మీద పరిచి ఉంది.

“ఈమె ఎవరు చిన్నమ్మా?”

దేవకి ఖాళీ గోడ చూసింది, బొమ్మ చూసింది. “దండ ఎవలు తియ్యమన్నరు నిన్ను?”

“మా అమ్మ యాడుంది?”

దేవకి మంచం అంచున కూలబడింది. “మీ అమ్మకు ఫోటో లేదు బిడ్డా. నువ్వు ఒకటో తరగతిల ఉన్నప్పుడు, మీ అమ్మ ఎట్లుంటదే అని పోరగాండ్లు అడిగిండ్రని జరమొచ్చేదాక ఏడ్చినవ్. మీ నాయిన బొమ్మలేసేటాయనను తోల్కొచ్చిండు. అక్కా నేను ఒక్క తీర్గ ఉంటుంటిమి. నువ్వు బడికి వోయినంక నేను కూసున్న. చెవి బాగ గియ్యమని చెప్పుడు మర్సిన. అందుకే దండ.”

“బతికున్న మనిషికి దండేస్తరా? నీ పటానికి నువ్వే ఏసుకుంటివి గదా!”

“ఏస్తే ఏమైంది? సావలేదు గదా. ఇంకింత గట్టిపడ్డ.”

అప్పుడు వచ్చింది సుమంగళకు ఏడుపు. “అయితే నాకు అమ్మ మొఖమే లేదా?”

“కండ్లు సూడు. అవి నావి గావు. నావి చిన్నగుంటయ్. అక్కయి గిట్ల గాదు, ఇంకింత పెద్దగుంటయని ఆయనతోని మల్ల మల్ల చెరిపిచ్చిన. ఆఖరికి బొమ్మ అక్క సూసినట్టే సూసింది. ఆడ నిలవడలేక వంటింట్లకు వోయిన.”

సుమంగళ అరచేతితో బొమ్మ ముక్కూ నోరూ మూసింది. కళ్లు మాత్రమే మిగిలాయి. చాలాసేపు చూసింది. చేయి తీస్తే మళ్లీ చిన్నమ్మ.

మర్నాడు భీమ్‌రావు మళ్లీ పేరు అడిగాడు.

“కండ్లు ఆండాళ్‌వి, కడమదంత దేవకిది అని రాయి. సాలు, నన్ను బడిలేసిన ఏడు.”

“పట్టీ మీద గంత జాగ లేదు తాయీ.”

“అయితే ఏం రాయకు.”

అతను కొత్త చెక్క కోసి బిగించి, చిన్న మేకులు అందుకున్నాడు. “దండకు రెండు కొక్కేలు కొట్టాల్నా, ఎప్పటి లెక్కనే?”

“ఒద్దు” అంది సుమంగళ. “మా అమ్మ ఇంట్లనే ఉంది. అన్నం తినకుంట నా కోసం సూస్తుంటది. జర జల్ది కట్టియ్యి.”