గేటు ముందరి మన్ను

మా ఊరి భూములను ఓపెన్ కాస్ట్ బొగ్గుగనికి తీసుకున్నప్పుడు అధికారులు ఒక మాట ఇచ్చారు. పైనున్న సారమున్న మన్నును ముందే గీకి వేరే కుప్ప పోస్తారట. బొగ్గు అయిపోయాక గుంత పూడ్చి, మళ్ళీ ఆ మన్నే పైన పరుస్తారట. బాపు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. భూమి వాపసు రాదని ఆయనకు తెలుసు. మన్ను మాత్రం తన చోటికి చేరుతుందని, దాని మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి పండిస్తారని ఆశ. ఆ పిచ్చి నాకూ అంటించాడు. యూనివర్సిటీలో గని మన్ను మీదే పరిశోధనకు చేరాను. తార్నాకలో అద్దె గదిలో ఇద్దరం ఉంటున్నాం.

కుప్ప మరీ ఎత్తుగా పోస్తే లోపలి మన్ను గాలాడక చస్తుంది. తక్కువ ఎత్తులో పోసి, జనుము చల్లి, పచ్చగా ఉంచాలి. ఉన్నమాట చెప్పాలి, మా కుప్పను అలాగే ఉంచారు. నేను ల్యాబ్ నుంచి రాగానే బాపు అడిగేది ఒకటే.

"మన మన్ను పానంతోటి ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది బాపూ."

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

చివరికి గుంత పూడ్చారు. ఇంతలో పెద్దసార్లు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అంతే, మన్నంతా తోలుకెళ్ళి ఆఫీసు గేటు ముందర పార్కుకు పోసి, లాన్ పెంచారు. మా పొలాలున్న చోట ఉత్త రాళ్ళ మీద నీలగిరి మొక్కలు గుచ్చి వదిలేశారు. పైన పటారం, లోన లొటారం.

పార్కు తెరిచిన రోజు భూములు పోయినవాళ్ళను కూడా పిలిచారు. మా దిక్కు పొలంలోకి చెప్పులతో దిగరు, గట్టు మీదే విడుస్తారు. బాపు లాన్ అంచున చెప్పులు విడిచి, చిటికెడు మన్ను తీసి నలిపి చూసుకుని, లోపలికి అడుగేశాడు. గార్డు విజిల్ ఊదాడు.

"ఓ పెద్దాయనా, గడ్డి ఖరాబైతది. గీడికెల్లి జరుగు."

"గిది నా చెల్క మన్ను బిడ్డా."

"ఎవ్వలిదైతేంది? అందరికి గట్లనే చెప్తున్న."

బాపు వెనక్కి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే ఉన్న ఇంజనీరును, ఈ మన్ను పరవాల్సింది ఇక్కడా అని అడిగాను.

"వేస్ట్ అయితే చెయ్యలే కదా మేడం" అని నవ్వాడు. వాడి నోట్లో మన్ను పడ.

ఇప్పుడు సాయంత్రాలు బాపు క్యాంపస్‌కు వస్తాడు. విద్యార్థులు గడ్డి మీద కూర్చుని చదువుకుంటుంటారు, ఎవరూ ఏమీ అనరు. ఆయన మాత్రం సిమెంటు బెంచీ మీదే కూర్చుంటాడు. మన్ను సంగతి ఎత్తడు. నిన్న ఉండబట్టలేక నేనే చెప్పాను.

"మన మన్ను ఇంకా మంచిగనే ఉన్నది బాపూ."

"ఉండనీ" అన్నాడు. "సార్లకు గడ్డి మంచిగ పండుతది."