ఆర్విల్ ప్రూసాక్ పసుపు కారుకు పట్టిన వేడి

అమెరికాలోని టొలీడోలో సెలూన్ నడిపే ఆర్విల్ ప్రూసాక్, కుర్చీలో కూర్చున్నవాడి జుట్టు కంటే ముందు వాడి కారు గురించి అడిగేవాడు. ఎవరి బండి ఎందుకు దగ్గుతోందో కత్తెర ఆపకుండానే చెప్పేసేవాడు. అలాంటి మనిషి పరువు ఆ వేసవిలో సొంత కారే తీసింది.

అది డెబ్బైల నాటి పసుపు బండి. రెండే తలుపులు, గంగాళమంత ఇంజను, సందు మలుపు తిరిగితే చాలు వంటింట్లో గిన్నెలు అదిరే గర్జన. పెళ్లికి ముందు కొన్నాడు, పిల్లలు పుట్టాక కూడా అమ్మలేదు. ఊళ్లో ఎంతసేపు తిప్పినా బుద్ధిగానే ఉండేది. ఆ వేసవి నుంచి మాత్రం హైవే ఎక్కి వేగం అందుకుందా, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది, బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మేది.

బావమరిది కాజిమిర్ "రేడియేటర్ పూడుకుపోయుంటుంది బావా" అన్నాడు. మార్చాడు. రోడ్డు పక్క డైనర్ హోటల్ ముందు చేరే పాత కార్ల మిత్రులు థర్మోస్టాట్ అన్నారు, నీళ్ల పంపు అన్నారు. అవీ మార్చాడు. ముల్లు బుద్ధి మాత్రం మారలేదు.

చివరికి ఇంజను వేడిని కార్లోకి లాగడానికి హీటర్ పూర్తిగా తిప్పి, నడివేసవిలో సూటు తొడుక్కుని, భార్య డెల్ఫీన్‌తో మేనకోడలి పెళ్లికి బయల్దేరాడు. చర్చి మెట్ల దగ్గర పెళ్లికొడుకు బామ్మ వాళ్లను ఎగాదిగా చూసి, "పెళ్లికొచ్చారా నాయనా, ఏట్లో ఈదొచ్చారా?" అంది.

"ఇంకోసారి ఈ పొయ్యిలో కూర్చోమన్నావంటే, నీ పక్క కూడా ఇందులోనే వేస్తా" అంది డెల్ఫీన్ ఇంటికొచ్చాక.

మర్నాడు ఆర్విల్ బానెట్ ఎత్తి, ఆమెను ముందు నిలబెట్టి, తను లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాడు.

"పొగొస్తే కేకెయ్!"

"పొగ లేదు గానీ, ఆ కింది గొట్టం బుగ్గలు లోపలికి పీల్చుకుంటోంది."

"గొట్టానికి బుగ్గలేంటే!"

"మా అమ్మ మిల్క్‌షేక్ తాగుతున్నట్టే ఉంది. దిగొచ్చి చూడు."

చోట్లు మారారు. డెల్ఫీన్ పెళ్లినాటి కసంతా తీరేలా తొక్కింది. పక్కింటి కుక్క మెట్ల కిందికి దూరింది. రేడియేటర్ నుంచి పంపుకు నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టం, ఆర్విల్ కళ్లముందే బెల్టులా చదునైపోయింది. ఆమె కాలు తియ్యగానే మళ్లీ గుండ్రంగా అయింది. వేగం పెరిగితే పంపు గట్టిగా పీలుస్తుంది, గొట్టం మూసుకుపోతుంది, ఇంజనుకు నీళ్లుండవు! అలా మూసుకోకుండా లోపల స్ప్రింగులాంటి తీగచుట్ట ఉండాలి.

ఆర్విల్ ముఖం వెలవెలబోయింది.

"ఏమైంది?"

"స్ప్రింగు... ఎండలు రాకముందు ఈ గొట్టం మార్చినప్పుడు పాతదాంట్లో తుప్పుపట్టి కనబడింది. ఎవడో వెధవ కుక్కాడనుకుని పారేశా."

డెల్ఫీన్ స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వింది. కోపం తెచ్చుకుందామని చూసి, కుదరక అతనూ నవ్వాడు.

స్ప్రింగున్న గొట్టం బిగించి, ఆ ఆదివారమే హైవే ఎక్కారు. ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు నిలిచింది. మొక్కజొన్న చేలు దాటుతూ ఆర్విల్ పాటందుకున్నాడు.

"చూశావా, కదలట్లేదు! చూశావా!"

అంతలో ఇంజను దగ్గి ఆగిపోయింది. ఆర్విల్ తలుపు తీశాడు. దిగబోతుంటే డెల్ఫీన్ అతని చొక్కా పట్టి ఆపింది.

"పక్కనున్న ముల్లు కూడా కదలట్లేదు చూడు. సున్నా మీదుంది."

పెట్రోలు అయిపోయింది.

ఫోన్ చేస్తే కాజిమిర్ డబ్బాతో వచ్చాడు. వస్తూనే బానెట్ మీద తట్టి, "నే చెప్పలా బావా, రేడియేటరేనని!" అన్నాడు.

ఆర్విల్ నోరు తెరిచాడు. డెల్ఫీన్ వంక చూశాడు. నోరు మూసుకుని డబ్బా అందుకున్నాడు.